షౌక్‌కి కూడా కొంచెం మొహ్లత్ ఇద్దాం

పొద్దున్నే టోలీచౌకి నుంచి షేక్‌పేట మీదుగా రాయదుర్గం వెళ్ళే కంపెనీ క్యాబుల్లో మన పిల్లలు బోలెడుమంది. అల్‌హమ్దులిల్లాహ్, 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఎన్ని ఇళ్ళలో పొయ్యి ఆ నౌకరీల మీదే వెలుగుతోందో అందరికీ తెలుసు. ఆ నౌకరీల మీద నాకు షికాయత్ లేదు. రిష్తా మాట్లాడేటప్పుడు "అబ్బాయి హైటెక్ సిటీలో" అనగానే మిగతా సవాళ్ళన్నీ ఆగిపోతాయే, దాని మీదే.

మహమ్మద్ సిరాజ్ ఆ చుట్టుపక్కలే పెరిగాడు. అబ్బా ఆటో నడిపేవారు. అన్న ఇంజనీరింగ్ చదువుతుంటే వీడు బంతి పట్టుకుని తిరుగుతున్నాడని అమ్మీ కోప్పడేవారు. ఆ అమ్మీని తప్పుపట్టే హక్ ఎవరికుంది? ఆటో కమాయీ మీద నడిచే ఇంట్లో ఫికర్ ఉండదా? అబ్బా మాత్రం వద్దనలేదు. 2016-17 రంజీ సీజన్‌లో 41 వికెట్లు, 2017 ఐపీఎల్ వేలంలో 2.6 కోట్లు. 2020 నవంబర్‌లో అబ్బా ఇంతఖాల్ అయినప్పుడు సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉన్నాడు. జట్టుతోనే ఉండిపోయాడు. జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు.

ఈ ఖిస్సా ప్రతి దావత్‌లో చెప్పుకుంటాం. ఇంటికొచ్చి మన పిల్లాడి బ్యాటు అటకెక్కిస్తాం. అడిగితే "సిరాజ్‌కి నసీబ్ ఉంది" అంటాం. ఉంది, నిజమే. కానీ ఆ అబ్బా ఇజాజత్ ఇచ్చింది కోట్లు చూసి కాదు కదా. కోట్లు రాకపోయినా ఆ షౌక్ జాయిజే.

ఆడపిల్లల సంగతైతే ఇంకా కష్టం. నిజామాబాద్ నిఖత్ జరీన్‌ని చూసి ఆడపిల్లకి బాక్సింగేమిటి, ఆ నిక్కర్లేమిటి అన్నవాళ్ళు తక్కువా? వాళ్ళ నాన్న జమీల్ అహ్మద్ వెనక్కి తగ్గలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక అందరం ముబారక్ చెప్పాం. ముబారక్ చెప్పడం ఆసానే.

నేననేది చదువు మానమని కాదు. ఖత్తాతీ కానీ, క్రికెట్ కానీ, ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఖర్చెంత, ఎవరు భరిస్తారు, ఎన్నేళ్ళు. రెండేళ్ళో మూడేళ్ళో మొహ్లత్ ఇవ్వండి. ఖాందాన్‌లో ఎవరైనా అడిగితే జవాబు పిల్లలతో చెప్పించకండి, మీరే చెప్పండి.

"కామ్‌యాబ్ కాకపోతే?" అంటారా? అప్పుడు ఆ రాయదుర్గం క్యాబు మూడేళ్ళు ఆలస్యంగా ఎక్కుతాడు. దానికేం ఖయామత్ రాదు.