కడబంతిలో కూర్చున్నవారి లెక్క

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు పెద్దలు. మరి వడ్డించేవాడు తమవాడు కానివారి సంగతేమిటి? రెండువేల ఏళ్ల నాడు యెరూషలేములో తొలి క్రైస్తవ సంఘాన్ని కుదిపేసిన ప్రశ్న ఇదే. విశ్వాసులు తమకున్నదంతా తెచ్చి కలిపి పంచుకుంటున్న రోజులవి. పేదలకు అనుదినం భోజనం అందుతోంది. అయినా గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను ఆ వడ్డనలో పట్టించుకోవడం లేదని సణుగుడు పుట్టింది (అపొ.కా. 6:1–7). ధాన్యానికి లోటు లేదు, దాతలకూ లోటు లేదు. కాని ఆ స్త్రీల మాట వేరు, యాస వేరు, వారి తరఫున అడిగే ఇంటిపెద్ద లేడు. అందుకే వారి విస్తరి ఖాళీగా మిగిలింది.

అపొస్తలులు ఆ సణుగుడును అణచివేయలేదు. సంఘమంతటినీ పిలిచి, మంచి పేరున్న, ఆత్మతోను జ్ఞానంతోను నిండిన ఏడుగురిని ఏర్పరచుకొమ్మన్నారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. అంటే, అన్నం అందనివారి పక్షం నుంచే పర్యవేక్షకులను ఎంచుకున్నారని బైబిలు వ్యాఖ్యాతలు అంటారు. విస్తళ్లు లెక్కపెట్టే పనికి కూడా ఆత్మపూర్ణులే కావాలన్న ఆది సంఘం నిర్ణయంలో ఎంత లోతుందో ఆలోచించండి.

ఇప్పుడు మన యాదగిరిగుట్ట వైపు చూద్దాం. కొండమీదికి రోజూ వేలాది భక్తులు వస్తారు, అక్కడ అన్నదానమూ జరుగుతుంది. గుట్ట దిగి నాలుగు మైళ్లు లోపలికి పోతే శివారు పల్లెలు, తండాలు. ఇంకా దక్షిణానికి దేవరకొండ తండాలు, ఆపైన నల్లమలలో అమ్రాబాద్ చెంచు పెంటలు. ఈ మెట్ట ప్రాంతమంతటా పేదవాడి అన్నం మూడు గుమ్మాల గుండా వస్తుంది. ఒకటి రేషన్ షాపు, రెండోది అంగన్‌వాడీ, మూడోది బడి. 2015 జనవరి నుంచి రాష్ట్రంలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే ఒకపూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టసాగారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు నిర్ణయించారు. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది, మనిషికి నెలకు ఆరు కిలోలు ఉచితంగా. పథకాలకు కొదవ లేదు, అందుకు ప్రభుత్వాలను అభినందించవలసిందే.

కాని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన నిజం వేరు. తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 33.1 శాతం. అంతకుముందు సర్వేలో ఇది 28 శాతమే. ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవారు 70 శాతం. మంచినీరు, పారిశుద్ధ్యం, చిన్నవయసు పెళ్లిళ్లు... కారణాలు చాలానే ఉన్నాయి. అయితే రాజధానిలో మంజూరైన గుడ్డు తండాలోని బిడ్డ నోటిదాకా చేరిందా అని చూసే కన్ను ఉందా అన్నది మన చేతిలోని ప్రశ్న.

ఆ కన్ను లేనిచోట ఏం జరుగుతుందో ఈమధ్యే చూశాం. 2024 ఏప్రిల్‌లో భువనగిరిలోని సాంఘిక సంక్షేమ గురుకులంలో భోజనం తర్వాత విద్యార్థులు అస్వస్థులయ్యారు. వారిలో ఆరో తరగతి బాలుడొకడు చికిత్స పొందుతూ కన్నుమూశాడు. అదే ఏడాది నవంబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని మాగనూరు బడిలో మధ్యాహ్న భోజనం తిని పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. వారం తిరగకముందే అక్కడే మళ్లీ అదే జరిగింది, హైకోర్టు మందలించవలసి వచ్చింది. వండిన అన్నాన్ని ఒక ఉపాధ్యాయుడితో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూశాకే పిల్లలకు పెట్టాలని 2015 నాటి మధ్యాహ్న భోజన నిబంధనల్లోనే ఉంది. ఒక్క ముద్ద రుచి చూడడం పెద్ద పనేమీ కాదు. కాని ఆ ముద్ద మన బిడ్డది కానప్పుడే నిర్లక్ష్యం మొదలవుతుంది.

2001లో ఆహార హక్కు కేసు విన్న సుప్రీంకోర్టు ఈ సంగతి గుర్తించింది. తన ఉత్తర్వులు అమలవుతున్నాయో లేదో చూసేందుకు 2002 మేలో ఎన్.సి. సక్సేనాతో పాటు మన రాష్ట్రంలో పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్‌ను కమిషనర్లుగా నియమించింది. వెట్టిచాకిరీలో మగ్గినవారి విడుదలకు పాటుపడిన అధికారి ఆయన. పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. 2010లో మరణించేదాకా ఆయన ఇంటి తలుపు పేదలకు తెరిచే ఉండేది. మంచి పేరున్నవాడిని ఎంచుకొమ్మన్న అపొస్తలుల మాటకు ఇంతకంటే ఏ ఉదాహరణ కావాలి?

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం మరో అడుగు వేసింది. రేషన్ షాపు మొదలు రాష్ట్రస్థాయి దాకా నిఘా సంఘాలు ఉండాలని, వాటిలో దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు, నిరుపేదలకు తగిన చోటివ్వాలని చెప్పింది. పంపిణీ రికార్డులు ప్రజలు చూసేలా ఉంచాలంది, సామాజిక తనిఖీ జరపాలంది. యెరూషలేము సంఘం చేసింది సరిగ్గా ఇదే కదా! ఉపాధి హామీ పనులపై 2006 నుంచి సామాజిక తనిఖీ చేసి దేశానికి దారి చూపిన నేల మనది. ఆ అలవాటును అంగన్‌వాడీ గిన్నె దాకా, రేషన్ తూకం దాకా తీసుకురావడం మనకు అసాధ్యమా?

నేటి గ్రీకు విధవరాండ్రు ఎవరు? వేలిముద్ర పడక యంత్రం ముందు నిలబడే ముసలమ్మ. బొంబాయి పనికి వలసపోయిన పాలమూరు దంపతుల బిడ్డ. భువనగిరి చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో మట్టి తొక్కే ఒడిశా తల్లి. దేశమంతటా ఒకే రేషన్ కార్డు చెల్లుతుందని ఆమెకు ఆమె భాషలో చెప్పేవారెవరు?

ఆదివారం ఆరాధనకు వచ్చేవారిలో రేషన్ డీలరు ఉంటాడు, అంగన్‌వాడీ టీచరు ఉంటుంది, బడిలో వంట చేసే అక్క ఉంటుంది, పంచాయతీ వార్డు సభ్యుడూ ఉంటాడు. వారి తూకం, వారి గరిటె ప్రార్థన బయటి సంగతులు కావు. నమ్మకంగా పనిచేసే వంట అక్కకు బిల్లు నెలల తరబడి ఆగితే ఆమె పక్షాన అడగడం కూడా పర్యవేక్షణే. యెరూషలేము పేదల కోసం చందా సేకరించిన పౌలు, డబ్బు విషయంలో తనపై ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఎంచిన మనుషులను వెంట తీసుకెళ్లాడు (2 కొరింథీ 8:18–21). దేవుని ముందు నిర్దోషిగా ఉంటే చాలదు, మనుషుల ముందు కూడా లెక్క తేటగా ఉండాలన్నది ఆయన పట్టుదల. పౌలుకే తనిఖీ అవసరమైతే, తనిఖీ అంటే అవమానమని మనం ఉలిక్కిపడడం ఎందుకు?

నెలకొకసారి స్టాకు బోర్డు చదవండి. అంగన్‌వాడీలో పిల్లల బరువు తూచిన పుస్తకం చూపమని మర్యాదగా అడగండి. బంతిలో మొదట కూర్చున్నవారిని కాక చివర కూర్చున్నవారిని పలకరించండి. విధవరాండ్ర విస్తరి నిండిన తర్వాతే యెరూషలేములో వాక్యం వ్యాపించిందని, శిష్యుల సంఖ్య పెరిగిందని ఆ అధ్యాయం చెబుతోంది. కడబంతిలో ఆకలి తీరనిదే పై బంతిలోని ప్రార్థనకు నిండుదనం రాదు.