పేరునిచ్చిన పల్లె

ఊరు పెరిగి నగరమగుట లోకసహజము. కాని నగరమే వచ్చి ఊరిని తనలో కలుపుకొనినప్పుడు, ఆ ఊరికి న్యాయము జరిగెనా యని విచారింపవలసి యుండును. ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్ చరిత్ర ఇందుకు తగిన యుదాహరణము.

బకింగ్‌హామ్‌షైరులో ఈ పేరుగల చిన్న పల్లె యొకటి కలదు. విలియం రాజు దేశములోని భూములను లెక్కింపజేసి 1086లో వ్రాయించిన డూమ్స్‌డే గ్రంథమున ‘మిడిల్టన్’ అను పేరుతో అది కానవచ్చును. పిదప భూస్వాములైన కీన్స్ వంశమువారి పేరు దానికి చేరెను. పూరికప్పుల యిండ్లు, పురాతనమైన రాతి చర్చి, చుట్టును పంటచేలు — ఇదియే ఆ పల్లె సంపద.

రెండవ ప్రపంచయుద్ధమున బాంబుల దెబ్బకు లండనులో వేలకొలది యిండ్లు కూలెను. మిగిలిన యిండ్లలో జనము క్రిక్కిరిసి జీవించుచుండిరి. అట్టివారికి గాలియు వెలుతురును గల నివాసములు కల్పించుటకై 1946లో నూతన పట్టణముల చట్టము వచ్చెను. ఆ విధానము ననుసరించియే 1967 జనవరిలో సుమారు 22 వేల యెకరముల నేల క్రొత్త నగరమునకై నిర్ణయింపబడెను. రెండున్నర లక్షలమందికి చోటు కల్పింపవలెనని సంకల్పము. బ్లెచ్లీ, వుల్వర్టన్, స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్ పట్టణములును, అనేక గ్రామములును ఆ యెల్లలలో చిక్కెను. నగరమునకు మాత్రము ఈ చిన్న పల్లె పేరే పెట్టిరి.

“పేరు నిలిచినది గదా, ఇంకేమి కావలెను?” అని కొందరందురు. ఈ వాదము నిలువదు. పేరు పంట పండింపదు. ఇండ్లు మిగిలినను చేలు పోయినచో, ఊరి ప్రాణము సగము పోయినట్లే. తరతరములుగా దున్నిన నేలను విడిచిన రైతు దుఃఖమునకు ధనము పూర్తిగా బదులు కాజాలదు. మరికొందరు పల్లెను తాకనేరాదందురు. అదియు తగదు. ఇరుకుగదిలో పెరుగు బిడ్డకు వెలుతురు వలదనుట ధర్మమగునా?

ఈ రెండు వాదముల నడుమ నగర నిర్మాతలు కొంత వివేకము చూపిరి. పెద్దబాటలను సుమారు కిలోమీటరు ఎడముతో గడులుగా వేసి, పాత పల్లెలను కూల్చక ఆ గడులలో నిలిపిరి. చర్చిని, పూరికప్పుగల పాత సత్రమును కాపాడిరి. బాన్‌క్రాఫ్ట్ వద్ద రోమనుల కాలపు భవనము త్రవ్వకములలో బయల్పడగా, దాని జాడలను భద్రపరచిరి. 2022లో మిల్టన్ కీన్స్ నగరహోదా పొందెను. నేడు మూలగ్రామమున్న పేట మరల మిడిల్టన్ అను ప్రాచీన నామముతోనే వ్యవహరింపబడుచున్నది. తన పేరును నగరమునకిచ్చి, పల్లె తన తొలిపేరును తిరిగి తెచ్చుకొనినది!

క్రొత్త నగరములు కట్టవలసినదే. కాని కట్టువారు పటము గీయుటకు ముందు, ఆ నేలపై బ్రతుకుచున్నవారి మాట వినవలెను. చెట్టు నాటువాడు నేల నెరిగి నాటినగాని చెట్టు నిలువదు, నగరమును అట్టిదే.