కామాటిపురాలో లెక్కకు రాని గదులు

ముంబై నడిబొడ్డున ఉన్న కామాటిపురాకు ఆ పేరు తెలుగు కూలీల వల్ల వచ్చింది. పద్దెనిమిదో శతాబ్ది చివర నుంచి నిజాం రాజ్యపు పల్లెలు వదిలి వెళ్లి, ఆ మహానగరం రోడ్లకూ కట్టడాలకూ మట్టి మోసిన కామాటీల పేట అది. బయటివాళ్లకు ఎర్రదీపాల వీధిగానే తెలిసిన ఈ పేటను కూల్చి కొత్తగా కట్టడానికి మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా పూనుకుంది. సుమారు 34 ఎకరాలు, 15 గల్లీలు, 900కు పైగా పాత భవనాలు, దాదాపు 8 వేల మంది అద్దెదారులు. అద్దెదారు కుటుంబానికి 500 చదరపు అడుగుల ఫ్లాటు ఉచితంగా ఇస్తారు. మిగిలిన స్థలంలో టవర్లు కట్టి అమ్మితే వచ్చే డబ్బే దానికి పెట్టుబడి. ఈ పథకం రావాల్సిందే. 1947 నాటి అద్దె చట్టం కిరాయిలను బిగించేసినప్పటి నుంచి మరమ్మతుల మీద యజమానులకు ఆసక్తి పోయింది. ఆ గోడలు ఇంకెన్నో వానాకాలాలు నిలవవు. కానీ ఇలాంటి పథకాల్లో హక్కు అద్దె రసీదును బట్టి వస్తుంది. రసీదు ఎవరి పేరున ఉందో చూస్తారు. ఆ గదిలో ఎవరు ఏం పని చేసుకుని బతుకుతున్నారో చూడరు. ఇళ్లూ దుకాణాలూ పనిచోట్లూ కలగలిసిన పేటను మళ్లీ కట్టాలంటే, లెక్క ఆ బతుకుతెరువుల నుంచే మొదలవ్వాలి.

ఆ గల్లీల్లోని జరీ కార్ఖానా గదినే తీసుకుందాం. గది మధ్యలో చెక్క చట్రానికి గుడ్డ బిగించి ఉంటుంది. మన దగ్గర మగ్గం వర్క్ అంటామే, అదే. చుట్టూ కుర్రాళ్లు నేల మీద కూర్చొని, వంచిన తల ఎత్తకుండా కుడుతుంటారు. రాత్రయితే చట్రం గోడకు ఆనించి అక్కడే నడుం వాలుస్తారు. పని, పడక, సరుకు నిల్వ అన్నీ ఒకే గదిలో. పగ్డీ, అంటే ముందుగా ఒకేసారి పెద్ద మొత్తం, ఇచ్చి హక్కు పొందిన అసలు అద్దెదారు ఎక్కడో ఉంటాడు, వీళ్లు ఆయనకు కిరాయి కట్టే ఉప అద్దెదారులు. కొత్త ఫ్లాటు ఆయనకు వస్తుంది, వీళ్లకు గల్లీ చివర నిలబడే చోటు కూడా మిగలదు. ఈ పేటలో ఇప్పటికీ ఉన్న సెక్స్ వర్కర్లది ఇంకా అధ్వాన్నపు స్థితి. ఏళ్ల తరబడి మంచానికి ఇంతని కిరాయి కట్టినా ఏ కాగితం మీదా వాళ్ల పేరు ఉండదు. పేరు లేదు కనుక వాళ్లు లేరనుకోవడం అన్యాయం.

ఇలా గది గదికీ లెక్క తీసే సర్వేలంటూ కూర్చుంటే ఈలోగా భవనాలు కూలిపోతాయని అభ్యంతరం చెబుతారు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. పక్కనే ఉన్న భేండీ బజార్‌లో 16.5 ఎకరాల్లో 250 దాకా భవనాలను తిరిగి కట్టే పథకం 2009లోనే మొదలైంది. అయినా 2017 ఆగస్టు 31న అదే పథకం పరిధిలోని హుసైనీ భవనం కూలి 30 మందికి పైగా చనిపోయారు. అయితే ఆ విషాదం చెప్పేది వేరు: ప్రమాదకరమైన భవనాలను పథకం పూర్తయ్యేదాకా ఆగకుండా ముందే ఖాళీ చేయించాలి. ఆ ఖాళీ చేయించడం కూడా దూరపు ట్రాన్సిట్ క్యాంపుకు తోలెయ్యడం కాకూడదు. ముంబైలో అలా వెళ్లినవాళ్లు దశాబ్దాలైనా వెనక్కి రాలేకపోయిన ఉదాహరణలున్నాయి. పేటలోనే ఒక మూల ముందు కట్టి, జనాన్ని అందులోకి మార్చి, తర్వాత మిగతాది కూల్చాలి. గది గదికీ తిరిగి వాడకం రాసుకోవడం నెలల పని, నిర్మాణం ఏళ్ల పని. ఆలస్యానికి సర్వేను కారణం చేయడం సబబు కాదు.

ఇంకో అభ్యంతరం డబ్బుది. కార్ఖానాలకు ఇచ్చే ప్రతి అడుగూ అమ్మకానికి ఉన్నదాంట్లో కోతేనని బిల్డర్లు అంటారు. నిజమే. కానీ అమ్ముకునే ఆ అంతస్తులు ఎక్కడివి? ఇలాంటి సామూహిక పునర్నిర్మాణానికి ముంబై నిబంధనలు 4 ఎఫ్‌ఎస్‌ఐ ఇస్తాయి, అంటే స్థలానికి నాలుగింతల నిర్మాణం. ఆ అనుమతి ప్రజల ఆస్తి. అందులో కొంత వాటా పేట బతుకుతెరువు కోసం అడగడం దయాధర్మం కింద రాదు. పైగా రేటు పలికేవి రోడ్డు ముఖంగా ఉన్న దుకాణాలు. లోపలి గల్లీ వైపు మొదటి, రెండో అంతస్తుల్ని తక్కువ కిరాయికి పనిచోట్లుగా ఉంచితే అమ్మకానికి పడే దెబ్బ పెద్దది కాదు. పొగ, మంట, రసాయనాలున్న పనుల్ని మాత్రం ఇళ్ల కింద పెట్టకూడదు, వాటికి వేరే కప్పు కావాలి. కుట్టు, జరీ వంటివాటికి ఆ భయం తక్కువ.

కాబట్టి కూల్చివేతకు ముందే సర్వే పత్రంలో అద్దెదారు పేరుతో పాటు ఉప అద్దెదారు పేరు, చేసే పని, గదిలో పడుకునేవాళ్ల సంఖ్య కూడా రాయాలి. పనిచోట్ల కిరాయి ఎంతో, ఎన్నేళ్ల వరకు పెంచరో ఒప్పందంలోనే ఉండాలి. టవర్ల అమ్మకానికి అనుమతి ఈ అంతస్తులు అప్పగించాకే ఇవ్వాలి.