గిరజాల కుక్కపిల్లను ఇంటికి తెచ్చే ముందు



మన కృష్ణా తీర గ్రామముల నుండి అనేకుల బిడ్డలు అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను స్థిరపడియున్నారు. వారు ఫోనులో తమ ఇంటిని చూపించునప్పుడు, ఒళ్లంతా గిరజాల వెండ్రుకలతో బొమ్మవలె ఉండే కుక్కను మీలో కొందరు చూచియే ఉందురు. దానిని చూచి మన పిల్లలు కూడ అటువంటిదే కావాలని మారాము చేయుదురు. దాని పేరు లాబ్రడూడుల్. లాబ్రడార్, పూడుల్ అను రెండు జాతుల కలయిక అది. దానికి వెండ్రుకలు రాలవనియు, కుక్కలు పడనివారి ఇంట కూడ ఉంచుకొనవచ్చుననియు చెప్పి అమ్ముదురు. వేలకు వేలు పోసి కొనకముందు దాని కథ తెలిసికొనుట మంచిది.

ఆస్ట్రేలియాలో అంధులకు దారి చూపే కుక్కలను తయారుచేయు సంస్థలో వాలీ కాన్రన్ అను ఆయన పనిచేసెను. హవాయి దీవులలోని ఒక అంధురాలికి కుక్క అవసరమైనది. ఆమె భర్తకేమో కుక్క వెండ్రుకలు పడవు. ఆమె కొరకు కాన్రన్ 1989లో ఈ రెండు జాతులను కలిపెను. మూడు పిల్లలు పుట్టినవి. వాటి వెండ్రుకలను, లాలాజలమును హవాయికి పంపి చూడగా, ఒక్క పిల్ల మాత్రమే ఆ భర్తకు పడినది. దాని పేరు సుల్తాన్. తక్కిన రెండింటిని, సంకరజాతి అని ఎవరును తీసికొనలేదు. అప్పుడాయన లాబ్రడూడుల్ అను కొత్త పేరు పెట్టి పత్రికలకు తెలియజేయించెను. అంతట అందరికి అదే కావలసివచ్చెను. కుక్క మారలేదు, పేరే మారినది! లాభము కొరకు ఆరోగ్యము చూడకుండ అనేకులు వీటిని పుట్టించుచున్నారని 2019లో కాన్రనే విచారము వెలిబుచ్చెను.

మన మంగళగిరి మగ్గము మీద ఏ అంచుకు ఏ రంగు నూలు పడవలెనో నేతగాని చేతిలో ఉన్నది. రెండు జాతులను కలిపినప్పుడు అట్లు కాదు. ఒకే ఈతలో ఒక పిల్లకు గిరజాలు, మరియొక దానికి రాలే వెండ్రుకలు రావచ్చును. పైగా తుమ్ములకు, ఆయాసమునకు కారణము వెండ్రుక ఒక్కటే కాదు. కుక్క లాలాజలములోను, చర్మపు పొట్టులోను ఉండే పదార్థము. 2011లో అమెరికాలో ఇండ్లలోని దుమ్మును పరీక్షించినప్పుడు, ఇటువంటి కుక్కలున్న ఇండ్లలో ఆ పదార్థము తక్కువగా కనబడలేదు. కాబట్టి ఇంటిలో ఉబ్బసపు బిడ్డ ఉన్నయెడల అమ్మువాని మాట నమ్మి కొనవద్దు. ముందు వైద్యుని అడుగుడి.

ఇక పోషణ సంగతి. రాలని వెండ్రుకలు చిక్కుపడును. దాదాపు ప్రతిదినము దువ్వవలెను, ఆరు ఎనిమిది వారములకొకసారి కత్తిరింపించవలెను. లేనియెడల జడలు కట్టి చర్మము పుండగును, పిడుదులు దాగియుండును. వ్రేలాడే చెవులలో తడి నిలిచి చీము పట్టును. మన వేసవి ఎండలో అంత బొచ్చుతో అది ఎంత రొప్పునో ఆలోచించుడి. అది పది, పన్నెండేండ్లు, అంతకు మించి కూడ బ్రతుకును. పిల్లల ముచ్చట ఆరు నెలలకు తీరిపోయిన తరువాత గొలుసుకు కట్టబడి, లేక వీధిలో విడువబడి బాధపడునది ఆ నోరులేని ప్రాణియే.

మన గుమ్మము ముందు తిరుగు ఊరకుక్క కూడ అనేక జాతుల కలయికే. దానికి ప్రచారము చేసినవారు లేరు, అంతే. మన ఎండకు, వానకు అది అలవాటుపడినది; పొట్టి వెండ్రుకలకు ఖర్చు లేదు. దాని పిల్లను చేరదీసి, మూడు నెలల వయస్సున పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించి, ఏటేట మరల వేయించినయెడల అది నమ్మకమైన తోడు. ఏ కుక్క కరచినను, గీరినను ఆ చోటును సబ్బు నీళ్లతో 15 నిమిషములు కడిగి, అదే దినమున ఆసుపత్రికి వెళ్లవలెనని పిల్లలకు నేర్పుడి. పసరు మందులతో కాలము గడపవద్దు.

తల్లిదండ్రులారా, కుక్కపిల్ల కావాలని బిడ్డ అడిగినప్పుడు వెంటనే కాదనకుడి, వెంటనే కొనకుడి. తెల్లవారి దానికి నీళ్లు పెట్టువారెవరు? సెలవులకు ఊరు వెళ్లినప్పుడు చూచువారెవరు? ముసలిదైనప్పుడు మోయువారెవరు? ఇంటిల్లిపాది కూర్చుండి ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకొనుడి. జవాబు దొరికిన ఇంటికి ఏ కుక్క వచ్చినను సుఖముగా ఉండును. దొరకని ఇంటికి ఎంత ఖరీదైన పేరుగల కుక్క వచ్చినను దానికి కన్నీరే.