డిలీట్ అయిందనుకున్న వైరస్

మన ఐటీ వాళ్ళకి ఒక అలవాటుంది. ఇంట్లో ఎవరికన్నా జబ్బు చేస్తే రిపోర్టులు ఫోన్లో తెప్పించుకుని, రెండు గంటలు గూగులించి, సగం డాక్టర్లమైపోతాం. నేనూ అంతే. అయినా అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగలేదు.

మా పెదనాన్నది పర్చూరు దగ్గర పల్లెటూరు. నల్లరేగడి పొలం, ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప. మెడ దగ్గర గడ్డలు కట్టాయి, బయాప్సీ చేస్తే లింఫోమా అన్నారు. రిటుక్సిమాబ్ కలిపి ఆరు సైకిళ్ళ కీమో. చివరి స్కాన్ క్లియర్. "ఈ ఏడు కోతల్లో నేనే నిలబడతారా" అన్నాడు ఫోన్లో.

నాలుగు నెలలకి కళ్ళు పచ్చబడ్డాయి. ఊళ్ళో కామెర్లంటే పసరు మందే కదా, పది రోజులు దాంతోనే పోయాయి. గుంటూరు తీసుకొచ్చేసరికి లివర్ పూర్తిగా పాడైపోయింది. క్యాన్సర్ తగ్గిన మనిషి హెపటైటిస్ బితో పోయాడు.

"కీమోకి ముందు ఆ టెస్టు నెగటివేగా!" అని డాక్టరుతో వాదించాను. నిజమే. కానీ చేసింది హెచ్‌బీఎస్ యాంటిజెన్ టెస్టు ఒక్కటే. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన హెపటైటిస్ బి నిజంగా డిలీట్ అవదు. మన సాఫ్ట్ డిలీట్ లాంటిదే: స్క్రీన్ మీద కనపడదు, టేబుల్లో రికార్డు అలాగే ఉంటుంది. వైరస్ డీఎన్ఏ లివర్ కణాల్లో దాక్కుంటే, అది మళ్ళీ లేవకుండా మన ఇమ్యూనిటీ కాపలా కాస్తుంది. రిటుక్సిమాబ్ లింఫోమాతో పాటు మంచి బి కణాల్నీ తుడిచేస్తుంది, కాపలా పోతుంది. ఆ పాత రికార్డు ఉందో లేదో చెప్పేది యాంటీ హెచ్‌బీసీ అనే ఇంకో రక్తపరీక్ష.

ఇదేమీ కొత్త సంగతి కాదు. అమెరికా ఎఫ్‌డీఏ 2013లోనే రిటుక్సిమాబ్ లేబుల్ మీద ఈ ప్రమాదం గురించి పెట్టె కట్టి మరీ హెచ్చరిక వేయించింది. కీమో మొదలెట్టే ప్రతి పేషెంటుకీ యాంటీ హెచ్‌బీసీతో సహా మూడు టెస్టులు చెయ్యమని అక్కడి క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో 2020లో చెప్పింది.

"మనవాళ్ళకి ఎందుకుంటుందిలే" అనుకోకండి. 2022లో మన దేశంలో 2.98 కోట్ల మందికి హెపటైటిస్ బి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ చవకగా టీకా తెచ్చింది 1997లో. దేశమంతా పసిపిల్లలకి వేసే టీకాల్లో అది చేరింది 2011లో. అప్పటికే పెద్దవాళ్ళైన మన రైతుల్లో ఎంతమంది వేయించుకుని ఉంటారు? పైగా "సూది వెయ్యనిదే జ్వరం ఏం తగ్గుద్దిరా" అనే తరం. ఊరంతటికీ ఆరెంపీ గారి గాజు సిరంజి ఒకటే ఉన్న రోజులు నాకూ గుర్తే. పెదనాన్నకి అలాగే వచ్చిందని నేననను. అలా రావడానికి వీలుందంటున్నాను, అంతే.

"అడగడం మీ బాధ్యత కదా" అంటారు కొందరు. నేనొప్పుకోను. మిరపకాయలు అమ్ముకునే మనిషి యాంటీ హెచ్‌బీసీ అని ఎలా అడుగుతాడండీ? మనం రాసే ఏ చిన్న ఫారంలోనైనా తప్పనిసరి ఫీల్డు ఖాళీగా ఉంటే సబ్మిట్ బటన్ పనిచెయ్యదు. కీమో ఆర్డర్ కూడా అలాగే ఉండాలి. ఆ టెస్టు రిజల్టు లేకపోతే మందు కదలకూడదు.

అది వచ్చేదాకా మాత్రం మనమే అడగాలి. పాజిటివ్ వస్తే కీమో ఆగిపోతుందని భయపడక్కర్లేదు. ఎంటెకవిర్ లేదా టెనోఫోవిర్, రోజుకో మాత్ర. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద హెపటైటిస్ బి టెస్టులు, మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. కీమో అయిపోయింది కదా అని మాత్ర మానేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. రిటుక్సిమాబ్ ఆఖరి డోసు తర్వాత కనీసం 12 నెలలు వాడాలి, ఆపాక కూడా రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి.

మీ ఇంట్లోగానీ, తెలిసినవాళ్ళలోగానీ ఎవరికన్నా కీమో మొదలవబోతుంటే ఫోన్ చేసి ఈ ఒక్క టెస్టు పేరు చెప్పండి. నేను ఆ ఫోన్ చెయ్యలేదు.