హక్కు తెలిస్తే చాలదు, గడువూ తెలియాలి

జీఎస్ పేపర్-2లో ‘అందరికీ న్యాయం’ అనగానే మనమంతా అధికరణ 39ఏ, 1976 నాటి 42వ సవరణ, హుస్సేనారా ఖాతూన్ కేసు రాసేస్తాం. నా నోట్సులోనూ అవే ఉండేవి. పక్క గదిలో ఉండే మామ ఒక కాగితం చూపించాక అవి సరిపోవని అర్థమైంది.

మేముండేది సూరత్ జిల్లా పల్సాణా తాలూకా జోల్వాలో. చుట్టూ బట్టల మిల్లులే. మామది వరంగల్ వైపు. 2021లో సాంచ దగ్గర ఆయన రెండు వేళ్లు పోయాయి. యజమాని కొంత డబ్బిచ్చి ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. మూడేళ్ల తర్వాత నేను చదివి చెప్పాను: "ఇకపై ఏ పరిహారమూ అడగను" అని గుజరాతీలో ఉంది. "తెలుగుల ఉంటే దస్కత్ వెడుదునా అల్లుడా?" అన్నాడు మామ.

ఈఎస్ఐ వర్తించని కార్మికుడికి అప్పుడున్నది 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం. దాని సెక్షన్ 17 ప్రకారం పరిహారం వదులుకుంటున్నట్లు రాసుకున్న ఒప్పందం చెల్లదు. అంటే ఆ సంతకం మామను ఆపలేదు. ఆపింది సెక్షన్ 10లోని రెండేళ్ల గడువు. తగిన కారణం చూపితే కమిషనర్ ఆలస్యాన్ని మన్నించవచ్చు. ఈ మూడు ముక్కల్లో ఒక్కటీ మామకు ఎవరూ చెప్పలేదు.

చెప్పాల్సిన వ్యవస్థ లేక కాదు. 1987 నాటి న్యాయసేవల సంస్థల చట్టం ప్రజల్లో చట్టాలపై అవగాహన పెంచడాన్ని ఒక విధిగా పెట్టింది. సెక్షన్ 12 ప్రకారం పారిశ్రామిక కార్మికుడికి ఉచిత న్యాయసేవ పొందే అర్హత ఉంది. కానీ నేను వెళ్లిన ఒక శిబిరం పగటిపూట, గుజరాతీలో జరిగింది. ఆ వేళకు మామ డ్యూటీలో ఉన్నాడు.

1962లో హరికిషన్ కేసులో సుప్రీంకోర్టు, నిర్బంధానికి కారణాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో తెలపకపోతే తెలిపినట్లు కాదని చెప్పింది. అది నిర్బంధానికి సంబంధించిన తీర్పే. అయినా అందులోని తర్కం చట్ట అవగాహనకూ సరిపోతుందని నా అభిప్రాయం.

‘అన్ని భాషల్లో చెప్పడం కుదిరే పనేనా?’ అని అడగవచ్చు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. పిల్లలకు పాఠం చెప్పగలిగిన ఊరు, వాళ్ల తండ్రులకు ఒక పేజీ కరపత్రం ఇవ్వలేదా? కార్మికుల్లోంచే పారా లీగల్ వాలంటీర్లను తీసుకుని, షిఫ్టు మారే వేళ గేటు దగ్గర మూడు సంగతులు చెప్పిస్తే చాలు: ఎక్కడికి వెళ్లాలి, ఎన్నాళ్లలోపు వెళ్లాలి, దేని మీద సంతకం పెట్టకూడదు.

మామ ఆలస్యానికి కారణం రాసి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఏమవుతుందో చూడాలి. ఈలోగా ఉచిత న్యాయసహాయ నంబరు 15100ను నోట్సులోనే ఉంచేయకండి, ఇంట్లోవాళ్ల ఫోన్లలోనూ సేవ్ చేయండి.

సాధన ప్రశ్న: ‘వలస కార్మికుడికి న్యాయం దూరమవడానికి పేదరికంతో పాటు భాష కూడా కారణం.’ చర్చించండి. (150 పదాలు)