నృత్యాభ్యాసమున మనశ్చిత్రము

నృత్యము కాలుసేతుల పని యనియు, మనస్సునకు దానితో నంతగా నిమిత్తము లేదనియు మనలో పలువురు తలంతురు. అందుచేతనే వార్షికోత్సవమునకై పిల్లలను సిద్ధపరచు చోట "వంగుము, నిలువుము, మోకాలు తెఱువుము" అను నాజ్ఞలే వినవచ్చుచుండును. ఆజ్ఞ యవయవమును బిగియించును. మనస్సున నిలిచిన చిత్రము దానిని నడిపించును. ఈ భేదమును పాఠశాలలు గ్రహింపవలెనని నా మనవి.

అర్ధమండలిని తీసికొందము. "ఇంకను క్రిందికి" అని గద్దించినచో బాలిక నడుమును వెనుకకు నెట్టి మోకాళ్లను నొప్పించుకొనును. తాపీపనివాడు గోడ నిలువు చూచుటకు వ్రేలాడదీయు గుండు తన నడినెత్తినుండి మడమల నడుమకు దిగుచున్నట్లు భావింపుమన్నచో వెన్ను సులువుగ నిలువగును. కూచిపూడి తరంగమున నర్తకి ఇత్తడి పళ్ళెరపు టంచుపై నిలిచి, కొన్నిమారులు తలపై నీటిచెంబు నుంచుకొని యాడును. అది యారితేరినవారి పని. భావనలోని చెంబు నన్ననో మొదటినాటి విద్యార్థియు మోయగలడు. నెత్తిన బిందె మోసిన యవ్వల నడక నెఱిగిన కేతేపల్లి ప్రాంతపు పిల్లలకు ఈ చిత్రము పరాయిది కాదు.

కాకతి గణపతిదేవుని గజసేనానియైన జాయపసేనాని 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించెను. ఇరువదవ శతాబ్దమున నటరాజ రామకృష్ణగారు ఆ గ్రంథమును, 1213లో వెలసిన రామప్పగుడి శిల్పములను పరిశీలించి పేరిణిని పునరుద్ధరించిరి. రాతిలో నిలిచిన భంగిమను మనస్సున కదలించి చూడనిదే యా కార్యము సాగియుండునా? అమెరికాలో మేబెల్ టాడ్ 1937లో 'ది థింకింగ్ బాడీ' యను గ్రంథమున శరీరపు నిలుకడకును భావనకును గల సంబంధమును వివరించెను. చలనమును భావించునపుడు మెదడులో దానిని నడపు భాగములు కొంతవరకు మేల్కొనునని నేటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

"అట్లయిన కన్నులు మూసికొని కూర్చున్న చాలునా?" యని కొంద ఱడుగుదురు. చాలదు. భావన సాధనకు తోడేగాని బదులు కాదు. చిత్రము తప్పైన నడుగును తప్పును. పాదము బండరాయి యనుకొన్నవాని యాట బరువెక్కక మానదు.

కావున ఉపాధ్యాయులు ఒక్కొక్క యడుగునకు ఒక్క చిత్రమునే యిచ్చి, అది పిల్లవాని బ్రతుకులోనిదిగా నుండునట్లు చూడవలెను. తల్లిదండ్రులారా! సాధనకు ముందు కన్నులు మూసికొని కూర్చున్న బిడ్డను సోమరి యనకుడు. కాలు బెణికి మూల కూర్చున్న బాలికకును ఆనాటి పాఠము ఈ త్రోవను కొంత దక్కును. కసరుకొన్న మాట భయము నేర్పును. తగిన చిత్రము నృత్యమును నేర్పును.